పాలు పొంగించే ఆడపడుచు

పాలు ఇంకా కాగలేదు. గిన్నె అంచు చుట్టూ సన్నటి నురగ కూడా రాలేదు, నేను మాత్రం పట్టుచీరలో చెమటలు కక్కుతూ పొయ్యి ముందు నిలబడే ఉన్నాను, దీన్ని పొయ్యి అనాలో బల్ల అనాలో తెలియదు, నల్లగా నున్నగా అద్దంలా ఉంది, మంట లేదు, వేలితో తాకితే కుయ్యిమంటుంది. దాని మీద దోసెల పెనం, పెనం మీద వెండిగిన్నె, గిన్నెలో పాలు, పాలకి ఎదురుగా నేను, నా వెనక హాలు నిండా ఫోన్లు పైకెత్తి పట్టుకున్న జనం. ఇంగ్లండులోని స్విండన్‌లో కొత్తగా కట్టిన ఇళ్ళ వరసలో ఇది ఒకటి, సాకేత్ కొనుక్కున్న ఇల్లు, ఇవాళ గృహప్రవేశం. సాకేత్ నా తమ్ముడు. ఈ మాట నేను లోపల అనుకోవచ్చు, పైకి అనకూడదు. అందుకే లోపల మళ్ళీ మళ్ళీ అనుకుంటున్నాను, తమ్ముడు, తమ్ముడు, ఒక నాన్నకి పుట్టిన తమ్ముడు, అనుకున్న ప్రతిసారీ నోట్లో ఏదో పాచివాసన. ఇంటికి కొత్త పెయింటు వాసన, కొత్త కార్పెట్ వాసన, దాని మీద సాంబ్రాణి, సాంబ్రాణి మీద ఎవరిదో సెంటు, అన్నీ కలిసి ముక్కుకి కొడుతున్నాయి. పొగకి అలారం మోగకుండా సీలింగుకి ఉన్న ఆ గుండ్రటి డబ్బాకి తల తడవకుండా పెట్టుకునే ప్లాస్టిక్ టోపీ తొడిగి టేపు వేశారు, అది కిటికీ గాలికో జనం ఊపిరికో ఉబ్బుతూ తగ్గుతూ ఉంది.

మొదట ఈ గిన్నెని తిన్నగా ఆ నల్లటి అద్దం మీదే పెట్టించారు. రాజ్యంగారు, అంటే మా నాన్న రెండో భార్య, సాకేత్‌ని కన్నతల్లి, ఇండియా నించి సూట్‌కేసులో బట్టల మధ్య చుట్టి తెచ్చుకున్న గిన్నె అది, కొత్తింట్లో మొదటి పాలు వెండిలోనే పొంగాలని ఆవిడ పంతం. పంతులుగారు మంత్రం ఎత్తుకున్నారు, నేను వేలితో నొక్కాను, పొయ్యి కీచుమని అరిచి ఎర్రటి గీత ఒకటి వెలిగించి ఆరిపోయింది. మళ్ళీ నొక్కాను, మళ్ళీ అంతే. మంత్రం ఆగింది. సాకేత్ కంప్యూటర్ల మనిషి కాబట్టి పొయ్యిని ఆపి మళ్ళీ వేశాడు, ఇంట్లో కరెంటే తీసేసి మళ్ళీ ఇచ్చాడు, ఇల్లు కట్టినవాళ్ళ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి శనివారం గనక ఎవరూ ఎత్తక, వాళ్ళు పెట్టిన పాట వింటూ నిలబడ్డాడు. ఈలోగా హాల్లో గుసగుసలు. కొత్తింట్లో పొయ్యి వెలగలేదట. ఎవరో ముక్కున వేలేసుకున్నారు, ఎవరో నా వైపు చూశారు, ఆ చూపు నాకు తెలుసు, ఎక్కడ ఏది ఆగిపోయినా మనవాళ్ళు ముందు కొత్తగా వచ్చిన మనిషి పాదాల వైపు చూస్తారు. చివరికి సాకేత్ భార్య కిరణ్మయికి తట్టింది, ఈ రకం పొయ్యికి ఇనుమూ స్టీలూ తప్ప వెండి ఆనదని. పోనీ స్టీలుగిన్నెలో పోద్దామండీ అంది. పాత ఫ్లాట్‌లో ఆ గిన్నెలోనే కదా గుడ్లు ఉడకబెట్టేదానివి అని అత్తగారు అనేసరికి ఆ అమ్మాయి దాన్ని తీసి అల్మారాలో పెట్టేసింది. గుడ్ల గిన్నె పనికిరాదు, వెండిగిన్నె వేడెక్కదు, ముహూర్తం దాటిపోతోంది. ఆఖరికి ఇనప పెనం కింద పెట్టి దాని మీద గిన్నెని కూర్చోబెట్టారు. ఆ పెనం మీద ఆమ్లెట్లు ఎప్పుడూ వేయలేదా అని నేను అడగలేదు.

అసలు ఈ ఇంట్లో దేన్ని ఏమనాలో వీళ్ళే నిర్ణయిస్తారు. ఇండియాలో అయితే గృహప్రవేశానికి ఆవునీ దూడనీ ముందు నడిపించి వెనక ఇంటివాళ్ళు వెళ్తారు. ఇక్కడ ఆవుల్లేక కాదు, పొద్దున రైల్లోంచి చూస్తే పొలాల నిండా అవే, కానీ వాటిని తెచ్చి ఈ కార్పెట్ ఎక్కిస్తారా. అందుకని సాకేత్ కూతురు రిషిత రోజూ పక్కలో వేసుకుని పడుకునే బొమ్మ ఆవుని పట్టుకొచ్చారు, నల్లమచ్చల తెల్లావు, దూది కుక్కినది, ఒక కన్ను ఊడి దారానికి వేలాడుతోంది. దాని నుదుటికి పసుపు రాసి కుంకం పెట్టి మెడలో దండ వేసి, నాన్న దాన్ని రెండు చేతులా ఎత్తుకుని కుడికాలు ముందు పెట్టి గడప దాటాడు. ఒక్కరూ నవ్వలేదు. గోమాత అంటూ అందరూ దాని వీపు తాకి కళ్ళకద్దుకున్నారు. రిషిత మాత్రం తన డెయిజీని పాడుచేశారని ఇంగ్లీషులో ఏడుస్తూ మేడ మీదికి పోయింది, ఇంత జనంలో ఉన్నమాట అన్నది ఆ పిల్ల ఒక్కతే. ఆ బొమ్మ వెనకాలే నేను నడిచాను. దూదిబొమ్మని పట్టుకుని ఇది ఆవు అన్నారు, ఆవు అయిపోయింది. నాన్న సదాశివంగారి రక్తం పంచుకు పుట్టిన నన్ను పట్టుకుని ఈ అమ్మాయి ఎవరో దూరపు చుట్టం అన్నారు, చుట్టాన్నయిపోయాను. ఇప్పుడా బొమ్మ కిటికీ గట్టు మీద దండతో కూర్చుని తోట చూస్తోంది, ఎంత ఉతికినా ఇక ఆ పసుపు పోదు.

చుట్టం సంగతి రాజ్యంగారు నేను వచ్చీ రాగానే తేల్చేసింది. నేను గుమ్మంలో ఆవిణ్ణి పిన్నీ అని పిలిచాను. నేనుండే స్లౌలో రైలెక్కి రీడింగ్‌లో మారి ఇక్కడికి వచ్చేదాకా కిటికీ అద్దానికేసి పెదాలు కదుపుతూ సాధన చేసిన పిలుపు అది, నాన్న భార్య పిన్నే అవుతుంది, ఎవర్ని అడిగినా అదే వరస చెబుతారు. ఆవిడ చుట్టూ ఒకసారి చూసి, ఆంటీ అను చాలు అంది, నవ్వుతూనే అంది, నవ్వితే పళ్ళ సందున వక్కపలుకు కనపడింది. తర్వాత వంటగదిలోకి తీసుకెళ్ళి ఫ్రిజ్ తలుపు తెరిచి దాని చాటున నన్ను నిలబెట్టింది.

"ఎవరన్నా అడిగితే మా పెద్దమ్మ కూతురి కూతుర్నని చెప్పు. సాకేత్‌కి వరసకి అక్కవవుతావు, సరిపోద్ది. ఊరుకాని ఊళ్ళో మన గుట్లు అందరికీ ఎందుకమ్మా?"

మన గుట్లట. మనం అన్న మాట ఆవిడ నోట నా విషయంలో ఆ ఒక్క చోటే వచ్చింది. ఫ్రిజ్ లోంచి చల్లగాలి నా మెడకి తగులుతోంది, పెరుగుడబ్బాలూ కొత్తిమీరకట్టలూ కనపడుతున్నాయి, అలాగేనండి అన్నాను. ఎందుకన్నానో తెలియదు. ఇల్లు దొరుకుతుందంటే మనిషి ఎంతకైనా తలూపుతాడేమో. అప్పటికి నాకింకా ఆశే, అందరూ వెళ్ళిపోయాక కూర్చోబెట్టి మాట్లాడతారని, ఈ ఒక్కపూటే కదా అని. ఆ ఆశని మేడ మీద కిరణ్మయి తుడిచేసింది, చెడ్డతనంతో కాదు, ఆ అమ్మాయికి పాపం మనసుంది, ఎవరూ లేనప్పుడు నన్ను వదినా అంటుంది, నలుగురిలో శ్రీవల్లిగారూ అంటుంది. నా చీర కుచ్చిళ్ళు సర్దుతూ అసలు సంగతి చెప్పింది. అంతకు ముందు మాట్లాడుకున్న ఇల్లు చేతిదాకా వచ్చి తప్పిపోయిందట, సాకేత్ ఉద్యోగం ఊగిసలాడిందట, కాకినాడలో వాళ్ళ సిద్ధాంతిగారు ఫోన్‌లో జాతకాలు చూసి, ఈసారి ఇంటి రక్తం ఉన్న ఆడపడుచు చేతే పాలు పొంగించండి, అరువు ఆడపడుచు పనికిరాదు అన్నాడట. రాజ్యంగారికి ఆడపిల్లలు లేరు. నాన్నకి ఉంది. ఏడాది క్రితం నేను సాకేత్‌కి ఫేస్‌బుక్‌లో పెట్టిన మెసేజికి జవాబు లేదు, పోయిన వారం మాత్రం అందరూ కలిసి స్పీకర్ పెట్టి మరీ ఫోన్ చేశారు, నువ్వు రాకపోతే మాకు బాగుండదు అన్నారు. ఆ రాత్రి నేను సంతోషంతో నిద్రపోలేదు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అంటారు, వీళ్ళు ఏటి మధ్యలోనే బోడి చేశారు నన్ను. దేవుడి ముందు కూతుర్ని, జనం ముందు ఎవరో, అప్పటికి అలాగే అనుకున్నాను.

పాల మీద పొర కడుతోంది. పొర కింద పాలు మెల్లిగా కదులుతున్నాయి, గరిటె పెట్టకూడదట, కదపకూడదట, అలా చూస్తూ ఉండాలట. అమ్మ అయితే ఆ పొరని పక్కకి ఊదేది. కాకినాడ జగన్నాథపురంలో ఎన్ని అద్దె వాటాలు మారామో నాకు గుర్తులేదు, ఒకచోట నూతి నీళ్ళు ఉప్పగా ఉండేవి, ఒకచోట దొడ్డి పక్కనే వంట, మారిన ప్రతిచోటా అమ్మ ముందు కిరసనాయిలు పొయ్యి వెలిగించి పాలగిన్నె పెట్టి, నువ్వే పొంగించవే, ఈ ఇంటి ఆడపడుచువి నువ్వే కదా అనేది. ఆ ఇంట్లో ఉన్నదే మేమిద్దరం. పాలు పొంగి గచ్చంతా పాకితే ఇల్లుగలావిడ విసుక్కునేది, అమ్మ నవ్వుతూ తడిగుడ్డ తీసుకునేది. వెంకటరమణమ్మ అంటే ఆ పేటలో అందరికీ బాలవాడి టీచరు, పిల్లల ముక్కులు తుడిచి తుడిచి కొంగెప్పుడూ తడిగానే ఉండేది. అన్నవరం కొండ మీద ఆమె మెడలో తాళి కట్టిన సదాశివంగారు నాకు మాటలొచ్చేదాకా మాతోనే ఉండి, ఊళ్ళో పొలం గొడవ చూసుకొస్తానని వెళ్ళి, పొలంతోపాటు రాజ్యంగారినీ చూసుకున్నాడు. అమ్మ ఆయన్ని వెతకలేదు. నేను అడిగితే, ఉమ్మేసిన తాంబూలం మళ్ళీ ఎవరైనా నములుతారా అనేది. అప్పుడు నాకు ఆ మాట కోపంలా వినపడేది. అది కోపం కాదని, రోత అని, ఇదిగో ఈ పొయ్యి ముందు నిలబడ్డాక తెలుస్తోంది.

అమ్మ పోయాక నాకంటూ ఇల్లు లేకుండా పోయింది, అద్దె వాటాకి తాళం వేసి తాళంచెవి ఇచ్చేస్తే అయిపోయింది, అందులో మా ఇల్లు అనడానికి ఏమీ మిగల్లేదు. కేర్ వర్కరుగా వీసా దొరికి స్లౌ వచ్చాను. వెతుకులాట ఇక్కడికొచ్చాకే మొదలుపెట్టాను, నాన్న కొడుకు దగ్గర ఇంగ్లండులో ఉంటున్నాడని ఎవరో చెప్పారు గనక. ఉగాది అన్నా బతుకమ్మ అన్నా ఎక్కడ తెలుగువాళ్ళు గుమిగూడితే అక్కడికి వెళ్ళేదాన్ని, పులిహోర ప్లేటు పట్టుకుని ముసలాళ్ళ మొహాలు చూస్తూ తిరిగేదాన్ని, సాకేత్ పేరు కూడా చివరికి అలాంటి ఒకచోటే చెవిన పడింది. నా పక్కగదిలో ఉండే మరీసోల్‌దీ అదే పని. ఆమెది మెక్సికోలో ప్యూబ్లా అనే ఊరు, వాళ్ళన్న ఈ దేశం వచ్చి హోటళ్ళలో గిన్నెలు కడుగుతూ కొన్నాళ్ళకి ఫోన్లు మానేశాడు, తల్లి మంచం పట్టి కొడుకు పేరే కలవరిస్తుంటే ఇక్కడ ఎవరి పిల్లల్నో చూసుకునే పనికి వచ్చి, ఖాళీ దొరికితే చాలు ఆయన కోసం తిరిగేది. ఆదివారం సాయంత్రం ఇద్దరం ఒకేసారి ఇల్లు చేరేవాళ్ళం, నేను పులిహోర వాసనతో, ఆమె హోటళ్ళ వేపుడునూనె వాసనతో, ఒకరినొకరు చూసుకుని ఇవాళా లేదా అన్నట్టు కళ్ళెగరేసుకుని నవ్వేవాళ్ళం. నా దోసెల పెనం మీద ఆమె మొక్కజొన్న రొట్టెలు కాల్చేది, వాళ్ళ ఊళ్ళో కూడా ఇలాంటిదే ఉంటుందట. గోడలకి బూజు, సింకు కింద ఎలుక, బాత్‌రూమ్‌ గొట్టంలో ఎవరెవరి వెంట్రుకలో, ఆ ఇంటిని మేమిద్దరం ఎప్పుడూ ఇల్లు అనలేదు, రూమ్ అనే అన్నాం. ఇల్లంటే మాకు ఇంకెక్కడో ఉంది, ఎవరో తలుపు తీయాలి.

మరీసోల్‌కి తలుపు ముందు తెరుచుకుంది. అన్న స్టీవెనేజ్‌లో దొరికాడు. పెళ్ళి చేసుకున్నాడు, ఇద్దరు పిల్లలు, కార్లు కడిగే చోట మేనేజరు. చెల్లెల్ని వెనక తోటలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, పాత హోటల్లో పనిచేసిన స్నేహితురాలని పిల్లలకి చెప్పాడట. తల్లి సంగతి చెబితే వాచీ చూసుకున్నాడట. తిరిగొచ్చి ఆమె ఏడవలేదు, సింకు దగ్గర మోచేతులదాకా సబ్బు రాసి కడుక్కుంటూనే ఉంది, ఏమయిందంటే అసహ్యంగా ఉంది అంది. నేను ఆమె వీపు నిమిరాను, మనసులో మాత్రం అనుకున్నాను, మీవాళ్ళు అలాంటివాళ్ళేమో, మావాళ్ళు కాదు, మా దగ్గర రక్తసంబంధం అంటే ప్రాణం పెడతారు అని. మనవాళ్ళ గొప్పలు మనకి తాగించి పెంచుతారు కదా ఉగ్గుపాలతో. నిన్న నేను ఈ చీర ఇస్త్రీ చేసుకుంటుంటే మరీసోల్ తలుపు దగ్గర నిలబడి చూసింది. వెళ్ళు, కానీ కడుపు నిండా తిని వెళ్ళు అంది, ఆకలితో వెళ్తే వాళ్ళు విసిరిన ఎంగిలి కూడా విందులా కనపడుతుంది అంది. నేను ఏమీ తినకుండానే వచ్చాను. పూజ కదా, ఉపవాసం ఉండాలనుకున్నాను.

గిన్నె అంచుల్లో ఇప్పుడు బుడగలు లేస్తున్నాయి. వెనక పుష్పలీల ఆంటీ గొంతు. ఈవిడ ఇక్కడి తెలుగు సంఘానికి పెద్దావిడ, పొద్దుటినించి నా వెంటే పడింది, ఏ ఊరమ్మా, ఎవరి పిల్లవమ్మా, పెళ్ళెందుకు కాలేదమ్మా, ఏం చేస్తుంటావమ్మా. కేర్‌హోమ్‌లో పనిచేస్తానంటే, అంటే ముసలివాళ్ళకి అన్నీ నువ్వే తుడవాలా అని ముక్కు చిట్లించి పమిటతో నోరు మూసుకుంది. తుడుస్తాను. మలం తుడుస్తాను, వాంతులు ఎత్తుతాను, పళ్ళసెట్లు కడుగుతాను, వాళ్ళ కాలి పుండ్లకి కట్టు మారుస్తాను, ఎప్పుడూ నాకు డోకు రాలేదు. ఒంటికి పట్టిన మురికి కడిగితే పోతుంది, కడిగాక ఆ మనుషులు శుభ్రంగా నవ్వుతారు కూడా. ఇక్కడ అందరూ తలంటుకుని మడికట్టుకుని గంధాలు పూసుకుని ఉన్నారు, ఇక్కడ నాకు డోకొస్తోంది. నాన్న నేను తల తిప్పితే కనపడే దూరంలోనే సోఫాలో కూర్చుని సున్నిఉండ తింటున్నాడు, నెయ్యి వేళ్ళని ఒక్కొక్కటే చీకుతున్నాడు, మాట్లాడబోయే ముందు గొంతు రెండుసార్లు సవరించుకుంటున్నాడు. మా కేర్‌హోమ్‌లో అచ్చం ఇదే అలవాటుకి నన్ను ఆటపట్టిస్తారు, శ్రీవల్లి వస్తోందంటే దగ్గు ముందొస్తుంది అని. అమ్మ దగ్గర ఈ దగ్గు లేదు. ఎక్కడినించి వచ్చిందో ఇవాళ విన్నాను, విన్నప్పటినించి నా గొంతు నాదిలా లేదు, పొద్దున్నించి మాట్లాడాల్సినప్పుడల్లా దగ్గు మింగేస్తున్నాను.

ఆయన నాతో అన్నది పొద్దున్నించి ఒక్కటే, వచ్చేవా అమ్మా అని. అమ్మా అనేది ఆయన కూరగాయల కొట్టు పిల్లనైనా అంటాడు. అయినా దానికే నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఇప్పుడు తలుచుకుంటే ఆ నీళ్ళంటే నాకు చీదర. గడప పూజ దగ్గరే తెలిసిపోవాల్సింది నాకు. పంతులుగారు వారమంతా ఏదో బ్యాంకులో ఐటీ పని చేసి శని ఆదివారాల్లో పౌరోహిత్యం చేసే మనిషి, పాపం శ్రద్ధగలవాడే, సంకల్పంలో అందరి పేర్లూ చదివాక ఆడపడుచు పేరు కూడా చదవాలి కదా అని నా వైపు తిరిగాడు. శ్రీవల్లి అన్నాను. పెళ్ళయిందా అన్నాడు. లేదన్నాను. అయితే గోత్రం ఇదే కదా, కౌండిన్య అన్నాడాయన మామూలుగా, పెళ్ళికాని పిల్లకి తండ్రి గోత్రమే కాబట్టి. నా గుండె ఒక్కసారి పైకి లేచింది. ఇది కదా నాకు కావలసింది, ఇంకేం వద్దు, ఆస్తీ వద్దు అంతస్తూ వద్దు, ఆయన గోత్రంతో నా పేరు ఒక్కసారి నలుగురిలో వినపడాలి, అమ్మ మెడలో కట్టింది తాడు కాదు తాళి అని తేలాలి. వేరే గోత్రమండీ అంది రాజ్యంగారు. మరి ఏ గోత్రమో అని పంతులుగారు పెన్ను పట్టుకున్నట్టు వేళ్ళు గాల్లో ఆపి అడిగాడు. రాజ్యంగారు తడుముకుంది, అబద్ధం అంతదాకా అల్లుకోలేదు. అప్పుడు నాన్న అందుకున్నాడు. తమలపాకు ఈనె తీస్తూ, తల ఎత్తకుండా చెప్పాడు.

"కౌశిక అని చదివెయ్యండి పంతులుగారూ."

చదివేశారు. ఎవరిదో గోత్రం, ఎవరో కౌశికుల పిల్ల శ్రీవల్లి, దేవుడి దగ్గర అలా నమోదయిపోయాను. దేవుడికైనా నిజం చెబుతారనుకున్నాను, ఆ సిద్ధాంతి మాట కోసమైనా. అదీ లేదు. వీళ్ళకి నా రక్తం కావాలి, అది కూడా రహస్యంగా, పొయ్యి దగ్గర నిలబడితే చాలు. ఆయన ఆ ఆకు మడిచి నోట్లో పెట్టుకున్నాడు.

పాలు గిన్నెలో సగం పైకి వచ్చాయి. పొర నడుమ ఉబ్బి చిట్లుతోంది. పొంగుతున్నాయి పొంగుతున్నాయి అని ఎవరో అన్నారు, ఫోన్లు ఇంకా పైకి లేచాయి, సాకేత్ హెల్ప్‌లైన్ పెట్టేసి వీడియో తీయడానికి వచ్చాడు, నాదస్వరం టీవీలో పెట్టారు. నాన్న సోఫాలోంచి లేచాడు. పంచె సర్దుకుంటూ జనాన్ని తప్పించుకుంటూ నా దగ్గరికి వస్తున్నాడు, ఇంత దగ్గరికి ఆయన రావడం నాకు తెలివొచ్చాక ఇదే మొదటిసారి, నెయ్యీ తమలపాకూ కలిసిన వాసన ముందు వచ్చింది, తర్వాత ఆయన చెయ్యి నా భుజం మీద పడింది. సిగ్గులేని మనసు అప్పుడు కూడా అనుకుంది, చెబుతాడు, ఇప్పుడు చెబుతాడు, పాలు పొంగే వేళ అబద్ధం ఆడలేక చెవిలోనైనా చెబుతాడు అని. ఆయన గొంతు సవరించుకుని నా చెవి దగ్గరికి వంగాడు.

"అమ్మా, తూర్పు వైపుకి పొంగితే మంచిది. గిన్నె అటు కొంచెం వంచు, ఎవరికీ తెలీకుండా."

అంతే. చెప్పి వెనక్కి తగ్గి, నా వీపు మీద ఒకసారి తట్టి, సాకేత్ వీడియోలో పడేలా నిలబడ్డాడు. నాకు ఏడుపు రాలేదు. కోపం కూడా రాలేదు. వచ్చిందల్లా అసహ్యం, ఆయన చెయ్యి పడిన భుజాన్ని అప్పటికప్పుడు కడుక్కోవాలన్నంత అసహ్యం, మరీసోల్ సింకు దగ్గర అంతసేపు ఎందుకు నిలబడిందో ఇప్పుడు నా చర్మానికి అర్థమయింది. పాలు అంచు దాకా వచ్చాయి, తెల్లటి పొర గిన్నె పైకి గుండ్రంగా లేచింది, ఇంకొక్క క్షణం. పెనం వేడి మీదుంది, పొయ్యి ఆపినా పాలు ఆగవు. నేను పమిట కొంగు చేతికి చుట్టుకుని గిన్నెని రెండు వైపులా పట్టుకుని పెనం మీదినించి ఎత్తి పక్కన గట్టు మీద పెట్టాను. కొంగులోంచి కూడా వేళ్ళు చురుక్కుమన్నాయి. లేచిన పాలు చుక్క కూడా బయటపడకుండా నెమ్మదిగా లోపలికి కుంగిపోయాయి.

నాదస్వరం ఒక్కటే వినపడుతోంది. రాజ్యంగారు ఏంటిది ఏంటిది అంటూ వస్తోంది, సాకేత్ ఫోన్ ఇంకా నా మొహం మీదే ఉంది, దించాలని తోచినట్టు లేదు. నేను పంతులుగారి వైపు తిరిగాను, ఆయనకి తప్ప ఇంకెవరికీ చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. దగ్గు వచ్చింది, ఈసారి మింగలేదు, రెండుసార్లు దగ్గాను.

"పాలు ఈ ఇంటి ఆడపడుచే పొంగించాలన్నారట కదండీ. నాది వేరే గోత్రమని ఇందాక మీరే చదివారు. ఆవిణ్ణి పిలిపించండి."

పంతులుగారు నా మొహం చూశాడు, తర్వాత నాన్న మొహం చూశాడు, చేతిలో అక్షతలు అలాగే పట్టుకుని పీట మీదినించి లేచి నిలబడ్డాడు. కిరణ్మయి తల దించుకుంది. నేను కొంగు దులుపుకుని జనం మధ్యలోంచి గుమ్మం వైపు నడిచాను, ముట్టుకుంటే అంటుకుంటానన్నట్టు అందరూ పక్కకి జరిగారు, దారి బాగానే ఇచ్చారు. గుమ్మం దగ్గర చెప్పుల గుట్టలో నావి వెతుక్కుంటుంటే వెనక పుష్పలీల ఆంటీ గొంతు, అందరికీ వినపడేలా, పొద్దున్నించి నన్ను అడిగి అడిగి విసిగిపోయి ఈసారి అడగాల్సిన మనిషినే అడిగింది.

"మరి ఈ అమ్మాయి ఎవరండీ, సదాశివంగారూ?"

టీవీలో నాదస్వరం ఎవరో ఆపేశారు. ఇన్నేళ్ళూ ఆ ప్రశ్న ఎవరో ఒకరు ఆయన్ని నలుగురిలో అడగాలనే కదా నేను ఇంత దూరం వచ్చింది. నాన్న నోరు తెరిచాడు. ఆయన ఏం చెబుతాడో వినడానికి నేను ఆగలేదు.